బడిమెట్టు మీద జడలు

సరోజమ్మ టీచరు బడికి రాగానే తరగతి గదిలోకి పోయేది కాదు. వాకిట్లో రాతిమెట్టు మీది దుమ్మును చెంగుతో దులిపి కూర్చుని, కళ్ళు మూసుకుని ప్రభువును ఒక చిన్న మాట అడిగేది. ఏమడిగేదో ఎవరికీ వినపడేది కాదు, పెదవులు మాత్రం కదిలేవి. తర్వాత చేతిసంచిలోంచి చెక్క దువ్వెన, ఆముదం బుడ్డి తీసి పక్కన పెట్టుకునేది. ప్రార్థన గంటకు ఇంకా చాలా పొద్దుండేది. తల చెదిరిన ఆడపిల్ల ఎవరొచ్చినా, "రా తల్లీ, కూచో" అనేది. పిల్ల వచ్చి కింది మెట్టు మీద, ఆమె వైపు వీపు పెట్టి కూర్చునేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ధర్మవరం నేతపేట బడికి ఆమె వచ్చింది. పుట్టింది ముదిగుబ్బ పక్కన, కూలి చేసుకునే క్రైస్తవుల ఇంట్లో. హిందూపురంలో ట్రైనింగు చదివింది. మొగుడు దేవదాసు రైలుపట్టాల గ్యాంగులో పనిచేసేవాడు. భార్య మెట్టు మీద కూర్చుంటే నడుము నొప్పి పుడుతుందని పాత గోనెసంచి మడిచి, కుట్టి, ఒక చిన్న మెత్త చేసిచ్చాడు. చేతికివ్వడానికి సిగ్గుపడి సంచిలో పెట్టి వెళ్ళిపోయాడు.

నేతపేటలో పొద్దున్నే పిల్ల తల దువ్వే తీరిక ఏ తల్లికీ ఉండదు. వెలుగు రాగానే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకోవాలి. పిల్లలు కూడా మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడెలోకి నూలు కండెలు చుట్టి, ఆ చేతులతోనే బడికి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. జడలకు రిబ్బన్లు ఎవరు కొనిస్తారు? మగ్గం కింద రాలిన పట్టుపోగులను ఏరి తెచ్చుకునేవాళ్ళు. ఒక జడకు ఎర్రది, ఇంకో జడకు పచ్చది.

సరోజమ్మ మొదట్లో పిల్లల కళ్ళలో పడుతున్న వెంట్రుకలు పక్కకు తీద్దామనే దువ్వెన పట్టింది. తర్వాత ఆమెకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఎదురుగా నిలబెట్టి "ఏమైంది?" అంటే తల వంచుకునే పిల్ల, వీపు తిప్పి కూర్చుని తల దువ్వించుకుంటుంటే తనంతట తానే మాట్లాడుతుంది. ముఖం కనపడదు కాబట్టి భయముండదు. తలలో చెయ్యి ఉంటుంది కాబట్టి ఒంటరితనం ఉండదు.

"టీచరమ్మా, రాత్రి మా నాయన యాడ్నో దొంగసారాయి తాగొచ్చి వాకిట్లో దబ్బుమని పడినాడు. మా అవ్వ చెంబుడు నీళ్ళు పోసి, 'లెయ్యప్పా మారాజా, పల్లకీ వచ్చి నిలబడిండాది' అనె" అని ఒక పిల్ల చెప్పేది. సరోజమ్మ నవ్వేది. పిల్లా నవ్వేది. రెండో జడ మొదలయ్యాక పిల్ల గొంతు సన్నబడేది. "ఆమీట మా యమ్మను కొట్టె."

సరోజమ్మ చెయ్యి ఆగేది కాదు. ఆగితే మాట కూడా ఆగిపోతుందని ఆమెకు తెలుసు. నీతులు చెప్పేది కాదు, అయ్యో అనేది కాదు. ఆ రోజు ఆ పిల్లను పలక చూపలేదని ఎవరూ కొట్టకుండా కాచుకునేది, సాయంత్రం లెక్కలు నేర్పే వంకతో ఇంకాసేపు బడిలోనే కూర్చోబెట్టుకునేది. ఆమె చేసింది అంతే. అదైనా చేసేవాళ్ళు ఆ బడిలో ఇంకెవరూ లేరు.

పెద్దయ్యవారు మార్కండేయులు. ఆయనా నేత కులంవాడే, పేటలో మర్యాద ఉన్న మనిషి. చెడ్డవాడని ఎవరూ అనరు. వానొస్తే పిల్లల్ని తన గొడుగు కింద వీధి దాటించేవాడు. ఒకసారి పెనుకొండ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి, "ఈ బడిలో ఆడపిల్లల తలలు ఎంత చక్కగా ఉన్నాయయ్యా!" అని మెచ్చుకుంటే, "అంతా తమ దయ, నేను కొంచెం గట్టిగా ఉంటాను సార్" అని చేతులు కట్టుకున్నాడు. సరోజమ్మ గుమ్మం దగ్గరే ఉంది. ఆ మాట విని, గ్లాసు కడిగి ఇన్‌స్పెక్టరుకు మంచినీళ్ళు తెచ్చింది. ఆయన ఆ గ్లాసు వైపు చూసి, దాహం లేదన్నాడు.

ఆ ఏడాదే మగ్గాల నాగప్ప కూతురు చౌడేశ్వరి మాట్లాడటం మానేసింది.

పదేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ కాన్పులో బిడ్డతో సహా పోయింది. పెద్దకర్మ అయ్యాక పిల్ల మళ్ళీ బడికి వచ్చింది గానీ, వచ్చింది ఆ పిల్లే కాదనిపించేది. పాఠం నడుస్తుంటే నిద్రలో తూలేది. పేరు పిలిస్తే ఉలిక్కిపడేది. ఒకరోజు కూర్చున్న చోటే తడిపేసుకుంది. పక్కపిల్లలు ముక్కులు మూసుకుని నవ్వారు. పెద్దయ్యవారు గోడకుర్చీ వేయించాడు. సరోజమ్మ తన తడిగుడ్డతో నేల తుడిచి, "నేనే చెంబు ఒలకబోసినా, నవ్వేదెందుకు?" అంది. ఎవరూ నమ్మలేదు. చౌడేశ్వరి మాత్రం తల తిప్పి ఆమెను చూసింది.

మర్నాటి నుంచి ఆ పిల్ల అందరికంటే ముందొచ్చి మెట్టు మీద కూర్చోసాగింది. మాట లేదు. సరోజమ్మ కూడా అడగలేదు. నిదానంగా చిక్కు తీసేది, పాయలు తీసేది, అల్లేది. కొన్ని రోజులు అట్లాగే గడిచాయి. ఒక పొద్దున, ఎడమ జడ సగం అల్లాక, పిల్ల నోరు తెరిచింది.

"ఆ పొద్దు మాయమ్మకు నొప్పులొస్తే మంత్రసాని కాడికి నన్నే పంపిరి టీచరమ్మా."

"ఊఁ."

"బిరీన పో అనె మా అవ్వ. నేను పోతాంటే దోవలో తోలుబొమ్మలాటోళ్ళు తెర కడ్తాండ్రి. నేను..."

గంట మోగింది. పెద్దయ్యవారి గంట క్షణం అటూ ఇటూ కాదు. వరసలో నిలబడని పిల్లకు బెత్తం తప్పదు. సరోజమ్మ పట్టుపోగు గబగబా ముడివేసి, పిల్ల భుజం తట్టి, "రేపు చెబుదువులే బిడ్డా. నేను ఈడనే ఉంటాను కదా" అంది.

పిల్ల తల ఊపి వరసలోకి పరుగెత్తింది. ఆ జడ ఆ రోజంతా సగం వదులుగానే ఉంది.

అదే సాయంత్రం పెద్దయ్యవారు సరోజమ్మను గదిలోకి పిలిపించాడు.

"కూచోమ్మా. పేటలోవాళ్ళు పది మందొచ్చి పోయిరి. రేపట్నుంచి ఆ మెట్టు మీద జడలేసేది వద్దు."

"ఏంటికి సార్?"

"అన్ని కులాల పిల్లలకూ ఒకటే దువ్వెనంట."

"దువ్వెన ఎవరిది వాళ్ళనే తెచ్చుకోమంటాను సార్. నేను నాది తీసేస్తాను."

మార్కండేయులు చాలాసేపు బల్ల మీది సిరాబుడ్డిని అటూ ఇటూ జరిపాడు. "దువ్వెన సంగతి కాదమ్మా," అన్నాడు చివరికి, ఆమె ముఖం చూడకుండా. "చెయ్యి సంగతి."

ఆ మాటకు సరోజమ్మ తన చేతులను చూసుకుంది. వేళ్ళకు ఇంకా ఆముదం వాసన ఉంది.

"ఒక్క పిల్ల ఉంది సార్, నాగప్ప కూతురు. ఆ పాప మనసులో ఏందో ఉండాది. ఈ పొద్దే చెప్పబోయింది. ఆ ఒక్క పిల్లకు మాత్రం..."

"మనసేందమ్మా, పదేండ్ల పిల్లకు? తిండి బాగా పెడ్తే అదే సర్దుకుంటాది. నువ్వు పాఠం చెప్పు. సర్కారు జీతమిచ్చేది దానికే కదా."

మర్నాడు చౌడేశ్వరి ఎప్పటిలాగే ముందుగా వచ్చి, కింది మెట్టు మీద వీపు తిప్పి కూర్చుంది. పైమెట్టు మీద ఎవరూ లేరు. పెద్దయ్యవారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సరోజమ్మ లోపల నుంచి చూస్తూ ఉంది. గంట మోగేదాకా పిల్ల అట్లాగే కూర్చుంది. వెనక్కి తిరిగి చూడలేదు.

మధ్యాహ్నం సరోజమ్మ ఆమెను పక్కకు పిలిచి, తల ముట్టేందుకు లేదు కాబట్టి ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నిన్న చెప్పేదుండెనే, చెప్పు తల్లీ" అంది. పిల్ల ఆమె కళ్ళలోకి చూసింది, పెదవులు బిగపట్టింది, తల వంచుకుంది. ఎన్నిసార్లు అడిగినా అంతే.

ఇంటి దగ్గర వాళ్ళకూ దిగులు పట్టింది. కానీ వాళ్ళు తప్పు వెతికిన చోటే వేరు. పిల్లకు తల్లి గాలి సోకిందని, అది జడలో పట్టుకుని కూర్చుందని అవ్వ కుళ్ళాయమ్మ తేల్చింది. పరాయి చెయ్యి పడిన తల కాబట్టి గాలికి దారి దొరికిందని పేటలో ఒకరు కలిపారు. కులదేవతకు తలనీలాలు మొక్కుకుని, పిల్లకు గుండు కొట్టించుకుని వచ్చారు.

చౌడేశ్వరి గుండుతో బడికొచ్చిన రోజు పిల్లలు చేసిన అల్లరి రాయడానికి చెయ్యి రాదు. పిల్లలది కూడా పాపమనలేం, వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. సరోజమ్మ తన పాఠం మానేసి అరిచింది, ఆ బడిలో ఆమె అరవడం అదే మొదలు. మర్నాటి నుంచి పిల్ల రాలేదు.

సరోజమ్మ నాగప్ప ఇంటికి పోయింది. వాకిలి దాటనివ్వరని తెలుసు, అరుగు కిందనే నిలబడింది. లోపల మగ్గం చప్పుడు వినపడుతూ ఉంది.

"ఏమమ్మా టీచరమ్మా, ఏంటికి వచ్చినావు?" అంది కుళ్ళాయమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"పాపను బడికి పంపండవ్వా. వాళ్ళమ్మ సంగతి ఏందో దాని మనసులో..."

"ఆ పేరెత్తొద్దు!" కుళ్ళాయమ్మ చెవులు మూసుకుంది. "చచ్చినోళ్ళను తలిస్తే వాకిట్లోకొచ్చి నిలబడ్తారు. మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. నువ్వొచ్చి ఎత్తుతావా? నీ చేతులు చేసిండేది చాలు, పోమ్మా తల్లీ."

నాగప్ప మగ్గం గుంటలోంచి తల ఎత్తి చూశాడు. అతని కళ్ళు కూడా నిద్రలేని కళ్ళే. ఏదో అనబోయి, తల్లిని చూసి, మళ్ళీ మగ్గం కాలిపలక తొక్కాడు. ఆ మూల కండెలు చుట్టుకుంటూ చౌడేశ్వరి ఉంది. గుండు మీద గుడ్డ కట్టి ఉంది.

వయసు రాగానే పిల్లను హిందూపురంలో ఇచ్చారు. పెళ్ళిలో కూడా పిల్ల ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదని, అణకువ గల పిల్ల అని అందరూ పొగిడారట.

తర్వాత కొన్నేళ్ళకు మంత్రసాని ఈరక్క జ్వరంతో పడితే సరోజమ్మ గంజి తీసుకుపోయింది. ఆ మాట ఈ మాటలో నాగప్ప భార్య సంగతి వచ్చింది. "ఆ పాప కొంచెం ఆలస్యంగానే వచ్చెలేమ్మా," అంది ఈరక్క. "అయితే ఏముండాది? బిడ్డ అడ్డం తిరిగిండె. నేను ముందే పోయింటే కూడా ఆయమ్మ దక్కేది కాదు. ఆ మాట అప్పుడే చెప్తిని ఆ ముసలామె కుళ్ళాయమ్మకు. ఆయమ్మ చెవిన పెట్టుకోలే."

సరోజమ్మ గంజి గిన్నె కింద పెట్టింది. పిల్లను బతికించే మాట ఒకటి ఇన్నాళ్ళూ ఇదే పేటలో, నాలుగిళ్ళ అవతల పడి ఉంది. అడిగినవాళ్ళు లేరు. ఆ పిల్ల బొమ్మలాట తెర దగ్గర నిలబడిన కాసేపే తల్లిని చంపిందనుకుని ఊరు వదిలి పోయింది. సరోజమ్మ ఆ తర్వాత హిందూపురం నుంచి వచ్చిన ప్రతి నేతగాడినీ చౌడేశ్వరి ఎట్లా ఉందని అడిగింది. ఆ పిల్ల అత్తవారింట్లోకి సరోజమ్మను రానివ్వరు, పోయినా ఆ మాట వాకిట్లో నిలబడి అరిచే మాట కాదు.

బడికి కొత్త కట్టడం వచ్చింది, రాతిమెట్టు పోయింది. మార్కండేయులు రిటైరై పోయాడు, వీడ్కోలు సభలో శుభ్రత నేర్పిన గురువని పూలదండ వేశారు. సరోజమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఉద్యోగం మాని రైలుకట్ట పక్కన ఇంట్లో ఉండిపోయింది. దేవదాసు డ్యూటీకి పోయేముందు ఆమెకు తల దువ్వబోయేవాడు, పట్టాలు బిగించే ఆ చేతులకు పాయలు చిక్కేవి కావు. ఆమె నవ్వి, "చాల్లెండి, ముడి వేసేయండి" అనేది.

కుళ్ళాయమ్మ చనిపోయిందని ఒకరోజు తెలిసింది. దినాలు అయిన మర్నాడు, ఎండ ఇంకా ముదరకముందు, ఒక ఆడమనిషి చిన్నపిల్లను చేతపట్టుకుని సరోజమ్మ వాకిట్లో నిలబడింది. పిల్ల రెండు జడలు గట్టిగా అల్లి, ఒకదానికి ఎర్ర పట్టుపోగు, ఒకదానికి పచ్చ పట్టుపోగు కట్టి ఉన్నాయి. సరోజమ్మ ముందు ఆ జడలను గుర్తుపట్టింది, తర్వాతే మనిషిని.

"చౌడేశ్వరీ!"

"బాగుండావా టీచరమ్మా? నీకు ఒంట్లో బాగలేదంటే... అరటిపండ్లు తెచ్చినా." అంతే. గడప లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది. పిల్లను బయట ఆడుకోమని పంపింది. సరోజమ్మ బాగోగులు అడిగితే ఊఁ అంది, ఆఁ అంది. కళ్ళు నేల మీదే. పెదవులు ఆనాటిలాగే బిగపట్టి ఉన్నాయి. కాసేపటికి కొంగు సర్దుకుని, "పోయొస్తా టీచరమ్మా, బస్సుకు పొద్దాయె" అని లేవబోయింది.

"ఉండు బిడ్డా," అంది సరోజమ్మ.

ఎడమచేత్తో గూట్లోంచి పాత చెక్క దువ్వెన తీసింది. పళ్ళు కొన్ని విరిగి ఉన్నాయి. దాన్ని చౌడేశ్వరి ఒళ్ళో పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా నేల మీదికి దిగి, ఆమె వైపు వీపు తిప్పి కూర్చుంది. ముడి విప్పి, నెరిసిన వెంట్రుకలను వెనక్కి వదిలింది.

"నాకొక ఉపకారం చెయ్యమ్మా. నా తల చిక్కుబడిండాది, కొంచెం దువ్వు. నీ ముఖం నాకు కనపడదు, నా ముఖం నీకు కనపడదు. ఆ పొద్దు గంట కొట్టేటప్పటికి యాడ నిలిపినావో ఆడ్నుంచి చెప్పు. తోలుబొమ్మలాటోళ్ళు తెర కడ్తాండ్రి... ఆమీట చెప్పు తల్లీ. నువ్వు చెప్పినాక నీకియ్యాల్సిన మాట ఒకటి నా కాడ ఉండాది."