ఆషాఢంలో రద్దయిన పాలసీ

2018 జనవరిలో నన్ను కర్ణాటకలోని పావగడ శాఖకు డెవలప్‌మెంట్ ఆఫీసరుగా వేశారు. సాధారణ బీమా సంస్థలో నా చివరి పోస్టింగు అది. డెవలప్‌మెంట్ ఆఫీసరంటే ఏజెంట్లకూ బ్రాంచి మేనేజరుకూ నడుమ నలిగే మనిషి. వ్యాపారం తేవాలి, తెచ్చింది చేజారకుండా చూసుకోవాలి. ఈ రెండో పనిలో నాకు కాస్త గర్వం ఉండేది. నా చేతిలో పడిన పార్టీ, అంటే పాలసీదారు, ఇంకో కంపెనీ గడప తొక్కదని మీటింగుల్లో చెప్పుకునేవాణ్ణి.

అప్పటికి వల్లూరు, క్యాతగానచెర్లు వైపు శెనక్కాయ చేలన్నీ సోలార్ పలకల కిందికి పోతున్నాయి. చేలే పోయాక బజారులో శెనక్కాయ మండీలు ఏం చేస్తాయి? రంగనాథ శెట్టి తాతల కాలం నాటి మండీని ఖాళీ చేసి, పలకలు కడగడానికి కావలసిన పైపులు, బ్రష్షులు, మోటార్లు నింపాడు. ఆ జనవరిలో ఆయన అగ్నిప్రమాద పాలసీ రెన్యువల్ చేసింది నేనే. సరుకు మారింది కాబట్టి పాలసీలో సరుకు పేరు కూడా మార్చి రాయించాను. అది రాయించకపోతే రేపు గోదాము కాలినా, లేని శెనక్కాయలకు బీమా ఉన్నట్టవుతుంది తప్ప ఉన్న పైపులకు ఉండదు. శెట్టి భార్య లలితమ్మ ఆ రోజు నాకు భోజనం పెట్టేదాకా వదల్లేదు.

జులైలో, ఆషాఢం మొదలైన వారం, శెట్టి మా ఆఫీసుకు వచ్చాడు. మామూలుగా వచ్చీ రాగానే నవ్వే మనిషి, ఆ రోజు కుర్చీ అంచున కూర్చున్నాడు.

“సార్, బేజారు చేసుకోవద్దండి. సోలార్లో పెద్ద కాంట్రాక్టు వచ్చేట్టుండాది. వాళ్లు చెప్పిన కంపెనీ ఇన్సూరెన్సే ఉండల్లంట. సరుకు లారీలో పొయ్యేటప్పుడు కూడా కలిపి ఒకటే పాలసీ అంట. మీ పాలసీ తీసెయ్యల్ల సార్.”

నాకు కోపం వచ్చింది. పైకి మాత్రం ఫైలు తెప్పించి, ఏడాది మధ్యలో పాలసీ రద్దు చేస్తే ఎంత కోత పడుతుందో మహా మర్యాదగా వివరించాను. కంపెనీ తనంతట తాను రద్దు చేస్తే వాడిన రోజులకే ప్రీమియం పట్టుకుని మిగతాది తిరిగి ఇస్తుంది. పార్టీ రద్దు చేసుకుంటే అలా కాదు. దానికి స్వల్పకాలిక రేట్ల పట్టిక ఒకటి ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ కోత మెట్లుమెట్లుగా పెరుగుతుంది. ఆరు నెలలు వాడితే సగానికి చాలా పైనే పోతుంది. తొమ్మిది దాటితే పైసా రాదు.

“ఆర్నెల్లకి సగం కదా సార్ పట్టుకోవల్సింది? ఇదేంది?” అన్నాడు శెట్టి.

న్యాయమైన ప్రశ్నే. జవాబూ ఉంది. పూర్వం మండీలవాళ్లు పంట గోదాములో ఉన్న నాలుగు నెలలకే బీమా పెట్టుకుని, సరుకు అమ్ముడుపోగానే మాన్పించేవాళ్లు. ప్రమాదమంతా ఆ నాలుగు నెలల్లోనే, ప్రీమియం మాత్రం మూడో వంతు. దాన్ని ఆపడానికి పెట్టిన పట్టిక అది. ఆ మాట చెబితే శెట్టి తల ఊపాడు. తన తండ్రి కూడా అలా చేసినవాడేనట.

ఇక్కడే నా తెలివి పనిచేసింది. ఆయన పాలసీకి ఆ శుక్రవారంతో ఆరు నెలలు నిండుతాయి. శనివారం ఉత్తరం ఇస్తే కోత ఇంకో మెట్టు ఎక్కుతుంది, కాబట్టి శుక్రవారంలోపు ఇవ్వమన్నాను. పోతున్న పార్టీకి కూడా ఇంత మేలు చేసే ఆఫీసరు ఎవడుంటాడని లోపల అనుకున్నాను కూడా. శెట్టి సంతోషపడి అక్కడే ఉత్తరం రాసి ఇచ్చాడు. నేను అందినట్టు ముద్ర వేశాను. కొత్త పాలసీ ఎప్పుడని మాటవరసకు అడిగాను.

“ఆషాఢం పోనీ సార్. శ్రావణంలో మొదటి శుక్రవారం చేపిస్తా. మా ఇంట్లో ఈ నెలలో కొత్తది ఏదీ మొదులుపెట్టరు గదా.”

నాకు తెలుసు. ఆ బజారులో శెట్ల ఇళ్లలో ఆషాఢంలో కొత్త ఖాతా తెరవరు, కొత్త కొట్టుకు తాళం తీయరు. ఉన్నది ముగించడానికి మాత్రం అడ్డం లేదు. అంటే పాతది ఆ రోజుతో ముగుస్తుంది, కొత్తది నెల దాటాక మొదలవుతుంది. నడుమ గోదాముకు ఏ కాపుదలా లేదు. “కొత్తది చేతికి వచ్చేదాకా పాతదాన్ని ఉండనివ్వండి, కోత కాస్త ఎక్కువైతే ఏం” అని ఒక్క మాట అనాలి. కొత్తగా చేరిన ఏజెంటు కూడా అనే మాట అది. నేను అనలేదు. మరిచిపోయి కాదు. మమ్మల్ని వదిలి పోతున్నవాడు, వాడి తిప్పలు వాడు పడతాడులే అనుకున్నాను. “మంచిదండీ” అన్నాను.

పదీ పన్నెండు రోజులు గడిచాయి. మా వైపు ఆషాఢ గాలి మనిషిని నిలబడనివ్వదు. ఒక మధ్యాహ్నం గోదాము వెనక కరెంటు తీగలు ఒకదానికొకటి తగిలి నిప్పులు రాలాయి. లోపల అంతా ప్లాస్టిక్కూ రబ్బరూ. మనుషులకు ఏమీ కాలేదు. ఫైరింజను వచ్చేటప్పటికి గోడలే మిగిలాయి.

శెట్టి మొదట ఫోను చేసింది నాకే. సర్వేయరును, అంటే నష్టం లెక్కగట్టే మనిషిని, ఎప్పుడు పంపిస్తారని అడిగాడు. పాలసీ రద్దయింది కదా అని ఎలాగో అన్నాను.

“మీ రీఫండు ఇంకా రాలేదు గదా సార్. దుడ్డు మీ దగ్గరే ఉండాది. అంటే పాలసీ ఉన్నట్టే గదా?”

ముద్ర పడిన రోజుతోనే పాలసీ పోతుందని, డబ్బు ఎప్పుడు చేరినా దానితో సంబంధం లేదని నేనే చెప్పాల్సి వచ్చింది. “సరే సార్” అని ఫోను పెట్టేశాడు.

డివిజనల్ ఆఫీసు నుంచి రీఫండు చెక్కు ఆ వారమే వచ్చింది. రసీదు మీద పార్టీ సంతకం కావాలి. నీ పార్టీ కదా, నువ్వే వెళ్లమన్నాడు మేనేజరు. వెళ్లాను. ముద్దగా కరిగి చల్లారిన పైపులను శెట్టి గడ్డపారతో పెళ్లగిస్తున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని సంతకం చేశాడు. అక్కడ చేరినవాళ్లలో ఒకడు, ఆఫీసరు ముందే చెప్పి ఉండొచ్చు కదా అని గొణిగాడు.

“సార్నేమీ అనొద్దప్పా,” అన్నాడు శెట్టి. “సార్ చెప్పేది చెప్పినారు. కోత కూడా తగ్గించిచ్చినారు.”

నేను చెప్పలేదని ఆయనకు తెలుసో తెలియదో నాకు ఈనాటికీ తెలియదు. లలితమ్మ కాఫీ తెచ్చింది. తాగాను. అది ఎలా తాగగలిగానని ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. శెట్టి మాటను సరిదిద్దడానికి అప్పుడైనా నోరు తెరవలేదు. తల వంచుకుని రసీదు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

కాంట్రాక్టు వేరేవాళ్లకు పోయింది. శెట్టి ఇప్పుడు బావమరిది కిరాణా కొట్టులో కూర్చుంటాడు. నేను ఆ బజారుకు వెళ్లాల్సి వస్తే వెనక వీధి పట్టుకుంటాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కొత్త పాలసీ కాగితం కళ్లతో చూడకుండా ఏ రద్దు ఉత్తరం మీదా ముద్ర వేయలేదు. పోయేవాళ్లను నేను కావాలని సతాయిస్తున్నానని ఇద్దరు ముగ్గురు పైకి ఫిర్యాదు చేశారు కూడా. మా పనిలో కోత ఎంతో పట్టిక చూసి ఎవరైనా చెప్పగలరు. మనల్ని వదిలి వెళ్లే మనిషికి కూడా, ముద్ర వేసే క్షణం దాకా మనమే బీమా మనుషులం. ఇది నేను శెట్టిగారి గోదాము ఖర్చుతో నేర్చుకున్నాను.