సముద్రం పడనివాడు

మాది మైపాడుకు దక్షిణాన సముద్రపు ఒడ్డు పల్లె. మా నాయన, ఇద్దరన్నలు చేపల వేటకు వెళ్ళేవాళ్ళు. నేను మాత్రం తెప్ప ఎక్కి అలలు దాటగానే వాంతి చేసుకునేవాణ్ణి. అలవాటవుతుందని రెండేళ్ళు చూశారు. కాలేదు. ఒకరోజు వల లాగుతుండగా కళ్ళు తిరిగి నీళ్ళలోకి ఒరిగిపోయాను. నన్ను పట్టుకోబోయి పెద్దన్న వల వదిలేశాడు. అది మళ్ళీ దొరకలేదు.

ఒడ్డుకు వచ్చాక ఎవరూ తిట్టలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"నీకు సముద్రం పడలేదబ్బయా, ఏం చేస్తాం? ఇంకేదన్నా పని చూసుకో" అన్నాడు నాయన.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. అరవైల మొదట్లో కొడవలూరు వైపు కాలువ నీళ్ళు అందని చేలల్లో, బావుల దగ్గర ఆయిల్ ఇంజన్లు పెడుతున్నారు. వాటిని బాగుచేసే మేస్త్రి దగ్గర చేరాను. ఆయన పాఠం చెప్పేవాడు కాదు. ఇంజను పక్కన కూర్చోబెట్టి, "చెవి పెట్టి విను. ఏం తేడా వినపడతా ఉంది?" అనేవాడు. తెలియదంటే మళ్ళీ వినమనేవాడు. నాకు ఆ తేడా పట్టుబడేసరికి ఆరు నెలలు పట్టింది.

రైతుల ఇళ్ళలో మేస్త్రికి గ్లాసుతో మజ్జిగ ఇచ్చేవాళ్ళు. నాకు దోసిట్లో పోసేవాళ్ళు.

రెండో ఏడు వేసవిలో మేస్త్రి జ్వరంతో పడుకున్నాడు. పైరు వెన్ను తీసే సమయంలో ఒక పెద్దరైతు ఇంజను ఆగిపోయింది. కబురొస్తే నేనే వెళ్ళాను.

"మేస్త్రి యాడ?" అన్నాడు రైతు.

"జొరంతో ఉండాడయ్యా. నేను చూస్తాను."

"వలలేసేవాళ్ళకి ఇంజన్ల సంగతి ఏం తెలుసురా? పైరు ఎండితే నువ్విస్తావా?"

"ఒక్క గంట చూడనీయండయ్యా. కాకపోతే ఇంకొకర్ని పిలిపించుకోండి."

హ్యాండిల్ తిప్పాను. రెండుసార్లు దగ్గినట్టు శబ్దం చేసి ఆగిపోయింది. డీజిల్ పైపులో గాలి చేరిందని అర్థమైంది. నట్టు వదులు చేస్తే బుడగలు వచ్చాయి. అవి ఆగాక బిగించి మళ్ళీ తిప్పాను. మూడోసారికి ఇంజను అందుకుంది.

రైతు నీళ్ళ వెంట చేలోకి నడిచాడు. తిరిగొచ్చి, "మజ్జిగ తాగి పో, మేస్త్రీ" అన్నాడు. ఈసారి గ్లాసు వచ్చింది. దాన్ని అందుకున్నప్పుడు సంతోషం కంటే కోపమే ఎక్కువ కలిగింది. నిన్నటికీ ఇవాళ్టికీ నేను మారలేదు కదా. అయినా తాగాను. దాహంగా ఉంది.

జరిగిందంతా చెబితే మేస్త్రి మంచం మీంచే, "బిగించేముందు నట్టు తుడిచినావా?" అన్నాడు.

తుడవలేదు. మర్నాడు పొద్దున్నే, నట్టు విప్పి తుడిచి బిగించి రమ్మని మళ్ళీ పంపించాడు.

కొన్నేళ్ళకు ఆయన తన ఊరికి వెళ్ళిపోతూ ఆ చుట్టుపక్కల ఇంజన్లన్నీ నాకు అప్పగించాడు. నేను అక్కడే స్థిరపడ్డాను. మా పల్లెలో వేట చేతకానివాడన్నారు, ఇక్కడ చాలాకాలం చేపలవాళ్ళ అబ్బాయి అన్నారు. ఇంజను ఆగితే మాత్రం అందరూ నా కోసమే కబురు పెట్టేవాళ్ళు.