పొలిమేర దాటించిన బట్టల మూట

1943 ప్రాంతంలో నేను బాన్సువాడలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని. ఊళ్లో జనానికి మాత్రం సఫాయి దారోగాని. మోరీలు, అంటే మురికికాలువలు తీయించడం, బావుల్లో మందు వేయించడం నా పని. మురికినీటిని శుద్ధిచేసే ప్లాంటు అనేది అప్పట్లో మేం బొమ్మలో కూడా చూడలేదు. ఊరి మోరీలన్నీ వాగులోకి, వాగు మంజీర నదిలోకి. మధ్యలో ఉన్న ఇసుకే మా ఫిల్టరు. సహజంగా నేను భయస్తుణ్ణి. వేరే ఉద్యోగాల్లో అది లోపం కావచ్చు గానీ, నీళ్ల ఉద్యోగంలో భయం ఉన్నవాడే పనికొస్తాడు.

ఆ ఏడు మృగశిర కార్తె ముందర, వాగుకు ఎగువనున్న ఊళ్లో గత్తర లేచింది. గత్తర అంటే కలరా. పొద్దున నవ్వుతూ పలకరించిన మనిషి పొద్దుగూకేసరికి ఉండేవాడు కాదు.  కబురు వినగానే బీడీలు చుట్టేవాళ్ల వాడ బావిలో పొటాషియం పర్మాంగనేట్ వేయించాను. నీళ్లలో క్రిములను చంపే మందు అది. వేస్తే నీళ్లు ఎర్రగా తిరుగుతాయి.

ఆ రంగే కొంప ముంచింది. "నెత్తురు కలిసినట్టున్నయ్ సారూ, గివి ఎట్ల తాగుతం?" అంది లచ్చవ్వ. ఆ వాడకు పెద్ద దిక్కు ఆమె. నేను ఎంత చెప్పినా ఆడవాళ్లంతా బావి వదిలేసి, వాగు ఇసుకలో చెలిమెలు, అంటే చిన్న గుంటలు తవ్వి నీళ్లు తెచ్చుకోసాగారు. లచ్చవ్వ కోడలు బాలమణి, నెలలు నిండిన మనిషి, ఆమె కూడా బిందె పట్టుకుని వాగుకే పోయింది.

మనసు ఆగక నేను వాగు వెంట ఎగువకు నడిచాను. చెలిమెలకు కాస్త పైన పసుపూ కుంకుమా చల్లిన గంప, వేపమండలు కనిపించాయి. పక్కన మడుగులో ఒక బట్టల మూట నానుతోంది. గత్తర సోకిన ఊరు ఆ రోగాన్నే అమ్మవారని కొలిచి సాగనంపుతుంది. రోగుల బట్టలు మూటగట్టి పొలిమేర దాటిస్తే రోగమూ వెళ్లిపోతుందని నమ్మకం. ఆ ఊరికీ మాకూ పొలిమేర ఆ వాగే.

పరుగున వచ్చేసరికి బాలమణి నిండు బిందె చంకన పెట్టుకుని వాకిట్లో ఉంది.

"పారబొయ్యి!" అని అరిచాను.

లచ్చవ్వ అడ్డం వచ్చింది. "నిండు బిందె, నిండు చూలాలు. ఒలకబోస్తె కీడు సారూ."

క్రిముల సంగతి చెబితే వినేలా లేదు. చివరికి, "లచ్చవ్వా, పై ఊరోళ్లు అమ్మను సాగనంపిండ్రు. ఎటు పంపిండ్రో ఎరుకేనా? మీ చెలిమెల మీదికి" అన్నాను.

 "మన మీదికి తోలిండ్రా?" అంటూ కోడలి చంకలోని బిందె లాక్కుని తనే గుమ్మరించింది.

బాలమణి మెల్లగా అంది. "నేను ఆడనే దోసిలితోని తాగిన అత్తా."

ఆ మాట విన్నప్పటి భయం నాకు ఇప్పటికీ పోలేదు. ఏదో ఒక వంకతో ఆ వాడ చుట్టే తిరిగాను. మరునాడు లచ్చవ్వ మా గుమ్మం ముందు నిలబడగానే బాలమణికి గత్తర సోకిందని తెలిసిపోయింది. దవాఖానలో డాక్టరు బాలమణికి సెలైన్ పెట్టాడు. నరంలోకి ఎక్కించే ఉప్పునీళ్లు అవి. అప్పట్లో ఉన్న ఆశల్లా అదే.

బాలమణి విడిచిన బట్టలు తగలబెట్టించడానికి వెళ్తే వాడంతా గుమిగూడి ఉంది. మనం కూడా అమ్మను సాగనంపుదాం, మూట వాగు దాటిద్దాం అని పట్టుబడుతున్నారు. కాల్చేద్దామన్నాను. "అమ్మను కాలుస్తవా?" అని ఒకాయన మీదికొచ్చాడు. మూట లచ్చవ్వ చేతిలో ఉంది. దవాఖానలో కోడలు బతుకుతుందో లేదో తెలియదు. సాగనంపకపోతే ఆమె ప్రాణానికే ముప్పని చుట్టూ ఉన్నవాళ్లు అంటున్నారు.  

లచ్చవ్వ వాగు పారే వైపు చూసింది. తర్వాత మూట తెచ్చి నేను వేయించిన మంటలో వేసింది.

"కింది ఊర్లె గూడ కోడండ్లు ఉంటరు గద" అంది.

బాలమణి బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత నేను చాలా ఊళ్లు తిరిగాను. మురికినీళ్లు ఎటు వదలాలో చూపించే ప్లాన్లు నా బల్ల మీదికి ఎన్నో వచ్చాయి. ప్రతి ప్లానులోనూ మోరీ గీత ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోయేది. ఆ గీత చివర వేలు పెట్టి, "దీని కింద ఎవరున్నారు?" అని అడిగేవాణ్ణి. జవాబు లేకపోతే సంతకం పెట్టేవాణ్ణి కాదు.