పేరు పెట్టని పాట

ఖానాపూర్ దగ్గరి పల్లెల లచ్చవ్వ బీడీలు చేస్తది. ఒళ్లె చాట, చేతిల కత్తెర. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి దారం కట్టేదాక కన్ను తిప్పదు గని నోరు మాత్రం ఊకోదు. ఊళ్లె ఏం జరిగినా ఆమె నోట్ల పాటయితది. అక్షరం రాదు, రాసుకునే పని ఎన్నడూ పడలే. ఆమె ఒక మాటంటే పక్కన బీడీలు చేసే ఆడోళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటరు, పాట వాళ్ల నోళ్లల్ల నిలిచిపోతది. ఆమెకు అదే పుస్తకం.

పక్కింటి ముత్యంను డ్రైవర్ పనని గల్ఫ్ పంపి, ఎడారిల మేకలు కాయించిండ్రు. ఈసారి బతుకమ్మకు లచ్చవ్వ గా ముచ్చటనే పాట కట్టింది. పంపినోని పేరు పెట్టలే. పాట ఫోన్లల్లకెక్కి గల్ఫ్ దాక పోయింది. వీసాలకని ఏజెంట్ దగ్గరికి వచ్చేటోళ్లు ఆగిపోయిండ్రు.

వారం తిరగకముందే ఏజెంట్ కరుణాకర్ ఇస్త్రీ అంగీ ఏసుకొని వాకిట్లకొచ్చిండు.

"నా మీదనే పాట కడ్తవా? ఠాణల కేసు పెడ్త!"

లచ్చవ్వ తలెత్తలే. బీడీకి దారం చుట్టుకుంటనే అడిగింది. "నీ పేరు అండ్ల ఏడున్నది కొడుకా?"

"పేరెందుకు? గా పాట నాదే! ఇగో, ఇను..." అని కోపంల రాగం తీసిండు. "డ్రైవరు పనియని..."

ఆడోళ్ల చేతులు ఆగలే. అలవాటున పది నోళ్లు ఒక్కసారి లేచినయి.

"ఉయ్యాలో!"



"మంచిగెత్తుకున్నవు కొడుకా," అన్నది లచ్చవ్వ. "మిగిలింది గూడ నువ్వే చెప్పు."