తొమ్మిదో అంతస్తులో పోయిన ఒజెల్లా

న్యూయార్కు బ్రాంక్స్ పేటలోని ఆ పద్నాలుగంతస్తుల బిల్డింగులో లిఫ్టు ఎప్పుడెప్పుడు చెడిపోయిందో ఒజెల్లా పెట్వేని అడిగితే నెలతో సహా చెబుతుంది. ఆమె ఉండేది పన్నెండో అంతస్తు. ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్ళు దుప్పట్లు మడతపెట్టి రిటైరయింది. భర్త పోయాడు, పిల్లల్లేరు. బిల్డింగులో తల్లులు పనికి పోతూ వదిలిపెట్టిన పిల్లల్నే పెంచింది.

అలా పెరిగినవాళ్ళలో తొమ్మిదో అంతస్తు లెవాన్ ఒకడు. మూడేళ్ళొచ్చినా మాటలు రాలేదని వాళ్ళమ్మ ఏడ్చేది. పందొమ్మిదివందల ఎనభై ఎనిమిదో సంవత్సరం వచ్చేసరికి వాడి నోటికి మూత లేదు. పేటలో చూసినదాన్ని కథగా అల్లి, దరువుకి తగ్గట్టు గబగబా చెప్పి, ఒక ర్యాప్ పాట రికార్డు వదిలాడు. ఆ కథ ఒజెల్లాదే. సంచులు మోసుకుంటూ, అంతస్తుకొకరిని తిట్టుకుంటూ మెట్లెక్కే ముసలామె. కనీసం పేరైనా మార్చలేదు వెధవ. ఎనిమిదో అంతస్తు దాకా ఆమెకీ నవ్వొచ్చింది. తొమ్మిదో అంతస్తులో వాడు ఆమెను చంపేశాడు.

ఆ రకం పాటల్లో చివర ఎవరో ఒకరు పోవాలి, వినేవాళ్ళకి బుద్ధి రావాలి. అది వాళ్ళ పద్ధతి. పద్ధతి సరే, బతికున్న మనిషి గోడు ఎవరికి పట్టింది?

ఆ వేసవంతా కార్లలోంచీ కిటికీల్లోంచీ ఆమెకు తన చావే వినిపించింది. చర్చిలో ఎవరో ఆమె ఆత్మశాంతికి ప్రార్థన మొదలుపెడితే, లేచి నిలబడి "నేనింకా ఉన్నానమ్మా" అని చెప్పుకోవాల్సి వచ్చింది. లిఫ్టు బాగుచేయించమని అడగడానికి వెళితే బిల్డింగు ఆఫీసులో అమ్మాయి కిసుక్కున నవ్వింది.

"పాటలో మీరు పోయారు కదండీ, ఇంకా లిఫ్టెందుకు?"

ఒజెల్లా విసురుగా బయటికొచ్చేసింది. మర్నాడు లెవాన్‌ని మెట్ల మీదే పట్టుకుంది.

"ఏరా, మొక్కజొన్న జావ తాగించి పెంచింది ఇందుకేనా?"

"అది కథ, మిస్ ఒజెల్లా. మీరు క్షేమంగా పైకి చేరి టీవీ పెట్టుకున్నారంటే ఎవడు వింటాడు?"

"వినకపోతే మానె. వీధి పండగనాడు అందరి ముందూ పాటలో నన్ను ఇంటికి చేర్చు. చచ్చి చచ్చి విసుగొచ్చిందిరా నాకు."

లెవాన్ తల గోక్కున్నాడు. "సరే, చేరుస్తాను."

ఆగస్టులో పండగ జరిగింది. దీపస్తంభం నుంచి కరెంటు లాగి బీరువాలంత స్పీకర్లు పెట్టారు. ఒజెల్లా మడత కుర్చీ తెచ్చుకుని ముందు వరుసలో కూర్చుంది. లెవాన్ మాట తప్పలేదు. తొమ్మిదో అంతస్తు రాగానే కొత్త చరణం ఎత్తుకున్నాడు. కానీ అక్కడున్న రెండొందల మందికీ పాత చరణం నోటికొచ్చు. అందరూ గొంతు చించుకుని దాన్నే అందుకున్నారు. వాడి పెదవులు కదులుతూనే ఉన్నాయి, ఒక్క ముక్క వినబడితే ఒట్టు. జనం చేతులు పైకెత్తి మరీ ఆమెను చంపారు, అదీ ఎంతో ప్రేమగా. ఒక పిల్లయితే వచ్చి ఆమె బుగ్గ మీద ముద్దు కూడా పెట్టింది.

కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేక ఒజెల్లా కుర్చీ మడిచింది. ఎవరో కట్టిచ్చిన మాంసం, సగం పుచ్చకాయ సంచుల్లో పెట్టుకుని బయల్దేరింది. లెవాన్ మైకు వదిలేసి పరుగున వచ్చి ఆమె చేతిలోవన్నీ అందుకున్నాడు. లిఫ్టు ఎప్పటిలాగే పనిచేయడం లేదు. ఇద్దరూ మెట్లెక్కారు.

తొమ్మిదో అంతస్తులో ఆమె గుండె పట్టుకుని మెట్టు మీద కూలబడింది.

"మిస్ ఒజెల్లా! అయ్యో, మిస్ ఒజెల్లా!" లెవాన్ కేకలు పెట్టాడు.

"అరవకు. ఆయాసం, అంతే." ఊపిరి అందాక ఎదురుగా ఉన్న వాడి ఇంటి తలుపు వైపు చూసింది. "రోజూ ఇక్కడే కూర్చుంటాను. నువ్వు చూసి, లోపలికి పోయి తలుపేసుకుంటావు. ఆ తర్వాత నేను లేచి ఇంకో మూడంతస్తులు ఎక్కుతాన్రా. అది నువ్వెప్పుడూ చూడలేదు."

లెవాన్ తన తలుపు వైపు పోలేదు. సంచులు పట్టుకుని, ఆమె లేచేదాకా అక్కడే నిలబడ్డాడు.