ఆ బోరులో నేను చూసిన రాయి

పదిహేనేళ్లు ఒక మాట నాలోనే దాచుకున్నాను. ఈ రోజు మీకు చెప్పేస్తాను. నా పేరు మాత్రం అడగకండి.

మాది గోదావరిఖని. ఇక్కడికి చాలా దూరంలో ఒక అణు విద్యుత్ కేంద్రం కట్టే ముందు, నేల పరీక్షలు చేసే ప్రైవేటు సంస్థలో పనిచేసేవాణ్ని. బోర్లు వేసి, పైకి తీసిన రాతి ముక్కలను చూసి, అడుగున నేల ఎలా ఉందో రాయడం నా పని. ఒక బోరులో రాయి పిండిపిండిగా వచ్చింది. మధ్యలో జిగట మన్ను, దాని మీద నున్నటి గీతలు. ఎప్పుడో అక్కడ భూమి చీలి జారిందనడానికి గుర్తులవి. మళ్లీ కదలదని ఎవరు చెప్పగలరు? పక్కన ఇంకొన్ని బోర్లు వేసి చూడాలన్నాను. గడువు దగ్గర పడిందని మా పెద్ద సారు ఒప్పుకోలేదు. "డ్రిల్లింగులో విరిగిన రాయి" అని, అంటే నేల మంచిదే, యంత్రం వల్లే రాయి పిండయిందని రాయమన్నాడు.

రాశాను. సంతకం పెట్టాను. భయపడి రాశానా? ఎందుకొచ్చిన గొడవ అనుకున్నానా? ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నానని మాత్రం గుర్తుంది.

అంతటితో ఆగినా బాగుండేది. కేంద్రం కట్టాక మా పక్కింటి మల్లయ్య కాక అల్లుడికి అందులో ఉద్యోగం వచ్చింది. కాక ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి. గని పైకప్పును కర్రతో తట్టి చూసి పర్వాలేదన్నవాడి మాట నమ్మి, రోజూ దాని కింద నిలబడ్డవాడు. ఒకరోజు మా అరుగు మీద కూర్చుని అడిగాడు.

"నువ్వు చూసినవు గద బిడ్డా, ఆడ భూమి ఎట్లున్నది? మా బిడ్డ సుజాతను, పిల్లలను ఆడికి తోలచ్చునా?"

"గట్టిగున్నది కాక. ఏం ఫికర్ లేదు."

నా మాట నమ్మి కాక వాళ్లను అక్కడికి పంపాడు. అంత తేలిగ్గా ఎలా అనగలిగాను? అప్పటినుంచి టీవీలో భూకంపం అన్న మాట వినిపిస్తే చాలు, అది ఏ దేశంలోనిదైనా, అన్నం ముందు నుంచైనా లేచి వెళ్లి చూస్తాను. కట్టడం గట్టిదే అయ్యుంటుంది, ఎంత ఊపునైనా తట్టుకుంటుంది, నాకంటే తెలిసినవాళ్లు లెక్కలు వేసే ఉంటారు అని సర్దిచెప్పుకుంటాను. ఆ లెక్కలు వేసింది నేను రాసిన కాగితం చూసే కదా అని వెంటనే గుర్తొస్తుంది.

పోయిన నెల ఆ కేంద్రం ఉన్నచోట భూమి కొద్దిగా కదిలింది. గిన్నెలు కిందపడ్డాయి, అంతే. కాక నవ్వుతూ వచ్చాడు.

"పోరి మస్తు భయపడ్డది. నువ్వు గట్టిదన్నవని చెప్పి ఊకోపెట్టిన."

ఇక నావల్ల కాలేదు. అంతా చెప్పేశాను. బోరు, మన్ను, సంతకం.

 "ఇన్నేండ్లు మా ఇంట్ల చాయ్ తాగినవు గదరా" అన్నాడు కాక. ఆ తర్వాత అటు తిరిగి, ఫోను తీసి, పిల్లలను తీసుకుని జల్ది బయల్దేరమని కూతురికి చెప్పాడు.

మర్నాడు కేంద్రం భద్రత చూసే అధికారులకు జరిగిందంతా రాసి, కింద నా పేరు పెట్టి పంపాను. జవాబు రాలేదు. కాక నాతో మాట్లాడటం లేదు. మాట్లాడమని అడిగే ముఖం నాకు లేదు. ఆ నేల మళ్లీ కదులుతుందో లేదో నాకిప్పటికీ తెలియదు, భయం పోలేదు. కానీ నేను చూసింది ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే లేదు.