నోలా ఇంటి ముందు దుంపల కుప్ప

మేలు చేసినవాళ్ల మీద విరుచుకుపడిందని నోలా టింక్లర్‌ను ఊరంతా ఆడిపోసుకుంది. ఆడిపోసుకోనీ. ఆవిడకు ఎందుకంత మండిందో మాత్రం ఒక్కరూ సరిగ్గా చెప్పరు. నేను చెప్తాను.

పశ్చిమ ఆస్ట్రేలియాలో, పెర్త్‌కు ఉత్తరాన, గోధుమ పండే ఇసుక నేలల్లో ఒక చిన్న తునకలో తప్ప ఎర్రపువ్వు జామాయిల్ తనంతట తాను ఎక్కడా పుట్టదు. జామాయిల్ అనగానే నిటారుగా ఆకాశంలోకి లేచే చెట్టనుకుంటే పొరపాటు. ఇది పొద. నేలలో పెద్ద దుంప, దాన్నుంచి వంకరటింకర కొమ్మలు, బూడిద పూసినట్టుండే గుండ్రటి ఆకులు, పిడికిలంత ఎర్రటి పువ్వులు.

నోలా కాపురానికి వచ్చిన ఏడు ఆమె మొగుడు క్లారీ, అందరిలాగే, రెండు బుల్డోజర్ల మధ్య ఓడ లంగరు గొలుసు కట్టి పొదలన్నీ ఊడ్చిపారేస్తున్నాడు. తానిచ్చిన నేల చదును చెయ్యకపోతే సర్కారు వెనక్కి లాక్కునే రోజులవి. ఆ ఎర్రపువ్వులున్న మూల దగ్గర నోలా గొలుసుకు అడ్డంగా నిలబడింది.

"ఈ మూల ముట్టుకున్నావో, రేపటి బస్సుకే మా అమ్మ దగ్గరికి పోతా!"

"గోధుమలు తింటావా అమ్మాయ్, పువ్వులు తింటావా?" అని అత్తగారు ఎకసెక్కాలాడింది. క్లారీ నవ్వి గొలుసు పక్కకు తిప్పాడు. తీరా చూస్తే, ఆ తర్వాత ఆ మూలంటే ఆమెకన్నా అతనికే పిచ్చి పట్టుకుంది. పూతకాలంలో పొద్దున్నే టీ కప్పు పట్టుకుని అక్కడికి పోయి నిలబడేవాడు. టీ చల్లారిపోయినా తెలిసేది కాదు.

మిగతా పొలంలో పైకి తేలిన దుంపలన్నీ ఏరింది నోలాయే. ఆదివారాలన్నీ దానికే సరిపోయేవి, చేతులు గీరుకుపోయేవి. అక్కడి చలికి పొయ్యిలో దుంపకట్టెను మించింది లేదు. ఒక్కటి వేస్తే తెల్లవార్లూ కణకణలాడుతుంది. అందుకే కాలిన పొద కంటబడితే అక్కడివాళ్ల చేతులు దుంప పీకందే ఊరుకోవు.

ఏళ్లు గడిచాక ఒక వేసవిలో పిడుగుపడి ఆ మూల కాస్తా తగలబడింది. కొమ్మలన్నీ బొగ్గయ్యాయి. క్లారీ దిగులుపడలేదు. "దుంప బతికే ఉంటుంది. తొలివాన పడనీ, మొలకలేస్తాయి" అన్నాడు. వాన పడకముందే గుండెపోటు వచ్చి పెర్త్ ఆసుపత్రిలో పడ్డాడు. నోలా వెంటే ఉంది. మంచం మీంచి రోజూ అదే పోరు.

"అటువైపు వాన పడిందట. మొలకలేశాయో లేదో పక్క పొలం మెర్వ్‌కు ఫోన్ చేసి అడక్కూడదూ?"

"మెర్వ్‌కేం తెలుసు, గొర్రెలు తప్ప! నువ్వే లేచొచ్చి చూద్దువుగాని."

ఆ మొలకలు చూడ్డానికే అతను లేచి కూర్చున్నాడంటే నమ్మండి. డాక్టర్లు పంపిస్తామన్నాక, ఇల్లు సర్దడానికి నోలా ఒక్కతే ముందుగా వచ్చింది.

ఇంటి ముందు బోలెడు బళ్లు! మెర్వ్, అతని భార్య ఐలీన్, ఇరుగుపొరుగంతా అక్కడే ఉన్నారు. మనిషి మంచాన పడ్డాడని తెలిస్తే చాలు, అక్కడ పిలవక్కర్లేదు, ట్రాక్టర్లేసుకుని వచ్చేస్తారు. పొలమంతా గోధుమ విత్తేశారు. బల్ల నిండా స్పాంజి కేకులు, టీ. నోలాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడు మెర్వ్ ఆమెను వంటింటి గుమ్మం దగ్గరికి తీసుకెళ్లాడు. గోడ పొడుగునా నడుమెత్తున పేర్చిన దుంపలు!

"క్లారీ చలికి వణక్కూడదని. మూలనున్న ఆ చచ్చిన పొదలన్నీ ట్రాక్టరుతో పీకేశాం. ఎలా ఉంది?"

నోలా ఒక దుంప చేతిలోకి తీసుకుంది. నల్లగా కాలిన బెరడు చీల్చుకుని గోరంత ఎర్ర మొలకలు, అప్పుడే వాడిపోతూ. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"చచ్చాయా? కళ్లు పెట్టి చూడు! ఇవేంటి మరి, నీ తలకాయా?"

ఐలీన్ అడ్డొచ్చింది. "పోనిద్దూ నోలా, పొదలే కదా! పాపం వీళ్లు సొంత పనులు మానుకుని మీ పొలం విత్తారు."

"విత్తారు. దానికి చచ్చేదాకా రుణపడి ఉంటా. దీనికి మాత్రం చచ్చేదాకా తిడతా. రెండూ వినండి!"

తిట్టింది కూడా. ఒక్కొక్కరే తమ కేకు పళ్లేలు తీసుకుని, మూతులు ముడుచుకుని బళ్లెక్కారు. మెర్వ్ మాత్రం మిగిలాడు. దుంపలన్నీ తన చేత్తోనే మళ్లీ పాతి నీళ్లు పోశాడు. ఏం లాభం? తెగిన వేళ్లు నీళ్లు తాగుతాయా? మొలకలన్నీ మాడి రాలిపోయాయి.

"ఇప్పుడే క్లారీకి చెప్పకు. గుండెజబ్బు మనిషి" అన్నాడు మెర్వ్.

"నేనెందుకు చెప్తాను? నువ్వే చెప్తావు. టోపీ తీసి మరీ చెప్తావు."

క్లారీ ఇంటికొచ్చాడు. వరండాలో కుర్చీలో కూలబడి, దుప్పటి కప్పుకోకముందే అడిగాడు.

"మొలకలేశాయా?"

నోలా మెట్ల దగ్గర నిలబడ్డ మెర్వ్ వైపు చూసింది. మెర్వ్ టోపీ తీశాడు. ఏదీ దాచకుండా చెప్పాడు. క్లారీ పొలం వైపు చూశాడు.

"గోధుమ వరసలు తిన్నగా వేశావు మెర్వ్. థాంక్స్" అన్నాడు.

మెర్వ్ మొహం తిప్పుకుని బండి దగ్గరికి నడిచాడు. బండి గేటు దాటిందో లేదో నోలా ఊగిపోయింది.

"థాంక్సా? ఒక్క మాటనవేం? అరవవేమయ్యా! నీ పొదలయ్యా అవి!"

"వాడు నా కోసమే కదా చేశాడు. ఏమనను?" అన్నాడు క్లారీ. "నువ్వు తిట్టావుగా?" అని అడిగాడు.

"తిట్టాను."

"బాగా?"

"ఊళ్లో ఒక్కరూ నాతో మాట్లాడ్డం లేదు."

"ఇంకాస్త తిట్టాల్సింది" అన్నాడు క్లారీ. దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.